ఒకవైపు దారి

1ఎన్4148 అనే డయోడ్ బియ్యపు గింజంత పొడవు కూడా ఉండదు. నారింజ ఛాయ ఉన్న చిన్న గాజు గొట్టం, రెండు పక్కలా సన్నటి తీగలు, ఒక కొసన నల్లటి గీత. గీత లేని పక్క నుంచి గీత ఉన్న పక్కకి కరెంటు పోతుంది. వెనక్కి రాదు. ఈ ‘వెనక్కి రాదు’ అనేది పరీక్షలో రాసే జవాబు. నిజానికి కొంచెం వస్తుంది, కాసేపు వస్తుంది. ముందుకి పోయేటప్పుడు కూడా ఊరికే పోదు, దారిలో కొంత సుంకం కట్టి పోతుంది. ఎంత కొంచెం, ఎంతసేపు, ఎంత సుంకం అన్నవి చూసుకోవడమే డయోడ్‌ని ఎంచుకోవడం.

బీటెక్‌లో ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిపోయిన చాలామందిలో నేనూ ఒకదాన్ని. కోడ్‌లో రోజుకి ఎన్ని ‘ఆర్’లు, ఎన్ని ‘ఆండ్’లు రాస్తానో లెక్కలేదు. అవి ఎక్కడో ఒకచోట చేత్తో పట్టుకోగల వస్తువులని, వాటికి ధరా, వేడీ, పాడైపోయే గుణమూ ఉంటాయని ఆలోచించాల్సిన అవసరం ఇన్నేళ్లలో రాలేదు. నాన్న గొంతు తగ్గాక వచ్చింది.

మా ఇల్లు వెస్ట్ మారేడ్‌పల్లిలో. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక మిగిలిన పాత ఇళ్లలో ఒకటి. కింద అమ్మా నాన్నా, పైన మేము. నాన్నకి పార్కిన్సన్స్ వచ్చి ఆరేళ్లయింది. ఆ పేరు చెప్పగానే అందరికీ చేతుల వణుకు గుర్తొస్తుంది. గొంతు సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. మాట మెల్లమెల్లగా సన్నబడిపోతుంది, మాట్లాడే మనిషికి మాత్రం తను మామూలుగానే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఎదురుగా కూర్చుంటే వినపడుతుంది, పక్క గదిలోకి వెళ్తే వినపడదు. అమ్మ రాత్రి మాత్ర వేసుకుని పడుకుంటే ఇంక లేవదు. నాన్నకి రాత్రి పూట లేవాలంటే పక్కన మనిషి ఉండాలి. పిలుపు అందకపోతే ఆయన ఒక్కరే లేస్తారు. అలా లేచి ఒకసారి పడ్డారు.

బజార్లో దొరికే వైర్‌లెస్ బెల్లు ఒకటి కొన్నాం. అది మోగుతుంది గానీ ఎక్కణ్ణుంచి పిలుస్తున్నారో చెప్పదు. రెండు క్షణాలు మోగి ఊరుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకి అది నిజంగా మోగిందా, కలలో మోగిందా అన్న అనుమానం మిగులుతుంది. అందుకని ఇంట్లోనే ఒకటి తయారు చేసుకుందామని నాన్నే అన్నారు.

కావలసింది పెద్దదేం కాదు. మూడు బటన్లు: మంచం పక్కన ఒకటి, బాత్రూమ్‌లో ఒకటి, వరండాలో కుర్చీ దగ్గర ఒకటి. పైన మా గదిలో మూడు చిన్న లైట్లు, ఒక బజర్. ఏ బటన్ నొక్కితే దాని లైటే వెలగాలి. ఏది నొక్కినా బజర్ మోగాలి. నొక్కి వదిలేసినా సరే, మేము లేచి రద్దు బటన్ నొక్కేదాకా లైటూ మోతా రెండూ ఆగకూడదు.

గుర్తుపెట్టుకునే పని సీడీ4043 అనే పాత చిప్‌ది. అందులో నాలుగు లాచ్‌లుంటాయి. లాచ్ అంటే గొళ్లెమే. ఒకసారి పడితే ఎవరో వచ్చి తీసేదాకా పడే ఉంటుంది. చెయ్యి వణికి బటన్ పదిసార్లు నొక్కుకున్నా గొళ్లెం పడేది ఒక్కసారే. మూడు లైట్లకి మూడు, బజర్‌కి నాలుగోది, లెక్క సరిగ్గా సరిపోయింది.

చిక్కంతా ఆ నాలుగో గొళ్లెం దగ్గర. మూడు బటన్ల తీగల్నీ తెచ్చి దానికి కలిపేస్తే బజర్ మోగుతుంది, నిజమే. కానీ కలిపేశాక మూడు తీగలూ ఒకే తీగ అయిపోతాయి. మంచం దగ్గర నొక్కితే ఆ ఐదు వోల్టులు నాలుగో గొళ్లెం దాకా వెళ్లి, అక్కణ్ణుంచి మిగతా రెండు తీగల్లోకి వెనక్కి నడిచి, బాత్రూమ్ లైటునీ వరండా లైటునీ కూడా వెలిగిస్తాయి. అర్ధరాత్రి మూడు లైట్లూ వెలిగితే ఎటు పరిగెత్తాలి?

ప్రతి తీగకీ ఒక్కో డయోడ్ పెడితే ఈ చిక్కు విడిపోతుంది. ఏ బటన్ నుంచైనా నాలుగో గొళ్లెం వైపు కరెంటు పోగలదు. అక్కణ్ణుంచి ఇంకో బటన్ తీగలోకి దిగలేదు. ఇదో లేక అదో లేక మరొకటో అని చెప్పే ఈ ఏర్పాటుకే డయోడ్ ఆర్ గేట్ అని పేరు. దీనికి చిప్ కూడా దొరుకుతుంది. సీడీ4075లో మూడేసి ఇన్‌పుట్లున్న ఆర్ గేట్లు మూడుంటాయి. ఒకటి వాడుకుని, మిగతా రెండిటి ఇన్‌పుట్లు గాల్లో తేలకుండా కట్టేసి కూర్చోవాలి. మూడు గాజు గింజలతో అయిపోయే పనికి పద్నాలుగు కాళ్ల చిప్ ఎందుకన్నది నాన్న వాదన.

ఆయన చేతిరాత కూడా గొంతులాగే చిన్నదైపోయింది, ఈ జబ్బులో అదీ ఒక లక్షణం. అందుకని ఆయన చెప్తుంటే నేను గీశాను. బొమ్మ పూర్తయ్యాక మూడు డయోడ్ల మీదా వేలు పెట్టి, “ఏది పెడతావమ్మా ఇక్కడ?” అన్నారు.

“మీరు చెప్పండి.”

“నేను చెప్తే నువ్వు పెడతావు. అది పాడైనప్పుడు మళ్లీ నన్నే అడగాలి. నువ్వే చూసి తీసుకురా.”

*

మారేడ్‌పల్లిలో ఎలక్ట్రానిక్స్ నేర్పే ప్రభుత్వ సంస్థే ఉంది, ఈస్ట్ మారేడ్‌పల్లిలో గవర్నమెంట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్. విడిభాగాలకి మాత్రం మా వైపు వాళ్లు రాణీగంజ్‌కో కోఠీకో పోవాల్సిందే. ఇప్పుడు జేబీఎస్ దగ్గర మెట్రో ఎక్కితే నేరుగా సుల్తాన్ బజార్‌లో దిగొచ్చు. అక్కణ్ణుంచి గుజరాతీ గల్లీకి నడక. గల్లీలో ఒక్కో కొట్టూ పెద్ద అలమరా అంత ఉంటుంది. గోడ నిండా చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలు, వాటి మీద స్కెచ్ పెన్నుతో రాసిన నంబర్లు. ఏ నంబరు ఎక్కడుందో కొట్టువాడికి చూడకుండానే తెలుసు.

లాజిక్ సర్క్యూట్‌కి డయోడ్లు కావాలని చెప్తే, ఆయన ఇంకేం అడక్కుండా నల్లటి ప్లాస్టిక్ డయోడ్ల పట్టీ ఒకటి లాగాడు. 1ఎన్4007.

“గిది తీస్కో అక్కా. వెయ్యి వోల్ట్‌ది. ఏం జేసినా కాలది. అందరు గిదే తీస్కపోతరు.”

“ఫోర్ వన్ ఫోర్ ఎయిట్ లేదా?”

“ఉంది. గాజుది గది. కాలు జర దగ్గరికెల్లి వంచినవంటే పగుల్తది. మల్ల నన్ననొద్దు.”

ఆయన మాటలో అబద్ధమేం లేదు. 4007 వెయ్యి వోల్టులు ఆపగలదు, ఒక ఆంపియర్ మోయగలదు. 4148 ఆపేది వంద వోల్టులు, మోసేది ఆంపియర్‌లో ఐదో వంతు. ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండూ పక్కపక్కన పెడితే, ఎవరైనా లావుగా ఉన్నదాన్నే తీసుకుంటారు. నిజానికి మన కొనుగోళ్లన్నీ ఇలాగే జరుగుతాయి. ఎంత మోస్తుంది, ఎన్నాళ్లు వస్తుంది, కాలుతుందా లేదా? కానీ నా సర్క్యూట్‌లో ఉన్నవి ఐదంటే ఐదు వోల్టులు, కరెంటు అయితే ఆంపియర్‌లో వెయ్యో వంతు కూడా కాదు. వెయ్యి వోల్టుల బలం అక్కడ ఎవరికీ అవసరం లేదు. మరి అక్కడ అవసరమయ్యే గుణం ఏది?

అది తేల్చుకోవడానికి నాలుగు రకాలు కొన్నాను. 4007, 4148, షాట్కీ రకం బీఏటీ85, కాస్త లావుపాటి షాట్కీ 1ఎన్5819. ఇంటికొచ్చి నాలుగింటి డేటాషీట్లూ ప్రింట్ తీశాను. నాన్నకి స్క్రీన్ మీద చదవడం కష్టం.

*

మొదట సుంకం సంగతి. సిలికాన్ డయోడ్ గుండా కరెంటు పోవాలంటే సుమారు 0.6 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. 4043 లాంటి సీమాస్ చిప్‌లు ఐదు వోల్టుల మీద నడిచేటప్పుడు 3.5కి పైన ఉన్నదాన్ని ‘అవును’ అనీ, 1.5కి కింద ఉన్నదాన్ని ‘కాదు’ అనీ కచ్చితంగా తీసుకుంటాయి. మధ్యలో ఉన్నదాన్ని ఏమనుకుంటాయో హామీ లేదు. బటన్ నొక్కితే వచ్చిన ఐదు వోల్టుల్లో డయోడ్ దాటాక మిగిలేది 4.4. హాయిగా ‘అవును’. ఇలాంటిదే ఇంకో ఆర్ గేటు దాని వెనకాల పెడితే 3.8. మూడోది పెడితే 3.2, అంటే అవునో కాదో తెలీని మాట. 

డయోడ్లతో కట్టిన లాజిక్‌కి ఉన్న మొదటి పరిమితి ఇది. అది మాటని చేరవేస్తుంది గానీ తిరిగి బలం పోయదు. రెండో పరిమితి, అది ‘లేక’ అనగలదు, తిప్పి పెడితే ‘మరియు’ అనగలదు, ‘కాదు’ అని మాత్రం అనలేదు. ఒకటిని సున్నా చేయడం వట్టి డయోడ్ వల్ల కాదు. ఈ రెండింటికీ ట్రాన్సిస్టర్ కావాలి.

నాన్న టీటీఎల్ కాలం మనిషి. “సీమాస్ కాబట్టి సరిపోయింది. టీటీఎల్ అయితే మునిగేవాళ్లం,” అని లెక్క చెప్పారు. టీటీఎల్ చిప్ ‘కాదు’ అన్నప్పుడు 0.4 వోల్టుల దాకా పలకొచ్చు, అవతలి చిప్ 0.8 దాటితే దాన్ని ‘కాదు’గా ఒప్పుకునే హామీ లేదు. మధ్యలో డయోడ్ ఆండ్ గేటు పెడితే 0.7 కలిసి 1.1 అవుతుంది. గీత దాటిపోయింది. అక్కడ 0.3తో పని కానిచ్చే షాట్కీ డయోడ్ అయితే 0.7 దగ్గర ఆగి, అంచు మీద బతుకుతుంది. అంటే ‘మంచి డయోడ్ ఏది’ అన్న ప్రశ్నకి విడిగా జవాబు లేదు. ఇటు మాట్లాడేది ఎవరు, అటు వినేది ఎవరు అన్నది తెలిస్తేనే జవాబు.

ఇదంతా ఒకప్పుడు కంప్యూటర్ కట్టేవాళ్ల నిత్యజీవితం. 1950లో వాషింగ్టన్‌లో మొదలైన సీక్ అనే కంప్యూటర్‌లో లాజిక్ పనంతా పదివేలకు పైగా జెర్మేనియం డయోడ్లు చేశాయి. వాటి దగ్గర సన్నబడిన సిగ్నల్‌కి వాక్యూమ్ ట్యూబులు మళ్లీ బలం పోసేవి. 1965 నాటి పీడీపీ-8లో ఆ పని ట్రాన్సిస్టర్లకు వచ్చింది. డయోడ్లు నిర్ణయిస్తాయి, ట్రాన్సిస్టర్ గొంతు పెంచుతుంది. ఆ పద్ధతికి డయోడ్-ట్రాన్సిస్టర్ లాజిక్ అని పేరు. మన ఊళ్లో 1967లో ఈసీఐఎల్ వచ్చింది, మొదటి మేనేజింగ్ డైరెక్టర్ ఏ.ఎస్.రావు. ఇప్పుడాయన పేరు ఒక కాలనీ పేరుగా, బస్సు బోర్డు మీద ఉంది. టీడీసీ-12 అనే పన్నెండు బిట్ల కంప్యూటర్‌ని తయారు చేసింది అక్కడే. నాన్న డెబ్భైల్లో ఆ సంస్థలో చేరారు. రిపేరుకొచ్చే పాత బోర్డుల మీద గాజు డయోడ్లు కవాతు చేస్తున్నట్టు వరసగా ఉండేవట. ఒక గీత తిరగబడి ఉంటే కంటికి ఇట్టే తెలిసిపోయేదట. అప్పుడు ఆయన చెయ్యి వణికేది కాదు.

*

రెండోది, కాసేపు వెనక్కి రావడం. డయోడ్ ముందుకి నడుస్తున్నప్పుడు దాని లోపల కొంత విద్యుదావేశం పోగుపడుతుంది. హఠాత్తుగా వోల్టేజీ తిరగబడితే, పోగుపడ్డదంతా ఖాళీ అయ్యేదాకా డయోడ్ తన స్వభావం మరిచి రెండు వైపులా దారి ఇస్తుంది. ఆ వ్యవధిని రివర్స్ రికవరీ టైమ్ అంటారు. 4148కి అది నాలుగు నానోసెకన్లు. 4007 లాంటి పవర్ డయోడ్లకు మైక్రోసెకన్లలో ఉంటుంది, అంటే వందల రెట్లు. దాని డేటాషీట్లు చాలావాటిలో ఈ అంకె అసలు ఇవ్వరు, దాన్ని కొనేవాళ్లు అడగరు కాబట్టి. ఇంటి కరెంటు సెకనుకి వందసార్లు తిరగబడుతుంది, ఆ నడకకి 4007 తీరిగ్గా సరిపోతుంది. సెకనుకి పది లక్షలసార్లు కొట్టుకునే క్లాక్ లైన్‌లో పెడితే, ఒక దెబ్బని మరిచేలోపు తర్వాతిది వచ్చేస్తుంది. 

ఆ మరుపుని తొందర చెయ్యడానికి వాడేది బంగారం. స్విచింగ్ డయోడ్ల సిలికాన్‌లో అతి సూక్ష్మంగా బంగారాన్ని కలిపే పద్ధతి ఉంది. ఆ బంగారు అణువుల దగ్గర పోగుపడ్డ ఆవేశం త్వరగా చల్లారిపోతుంది. అందరం దాచుకోవడానికి కొనే లోహాన్ని, ఇక్కడ దేన్నీ దాచుకోకుండా ఉండటానికి వాడతారు. ఇది చెప్తే అమ్మ మొదటిసారి మా బల్ల దగ్గరికి వచ్చి, ఆ డయోడ్‌ని వెలుతురులో పెట్టి చూసింది. “ఎంతుంటుందే ఇందులో?” అంది. కంటికి కనపడేంత ఉండదని చెప్తే ఆసక్తి పోయి, పప్పు చూసుకోవడానికి వెళ్లిపోయింది.

ఈ నాలుగు నానోసెకన్ల మీద కూడా ఒక చిన్న మెలిక ఉంది. 4148 డేటాషీట్లలో ఒకదాంట్లో ఒకే గుణానికి రెండు అంకెలు కనిపించాయి, ఒకచోట నాలుగు, ఒకచోట ఎనిమిది. అచ్చుతప్పేమో అనిపిస్తుంది గానీ కాదు. పక్క గడిలో షరతులు రాసి ఉంటాయి. ముందుకి ఎంత కరెంటు పోతుండగా తిప్పారు, ఎంత బలంగా వెనక్కి లాగారు, ఎంతకి తగ్గాక ‘ఆగింది’ అని లెక్కేశారు. అవి మారితే అంకె మారుతుంది. రెండు కంపెనీల డయోడ్లని పోల్చేటప్పుడు అంకెలకన్నా ముందు ఆ పక్క గడి చూడాలన్నారు నాన్న. ఉద్యోగంలో పనితీరు నివేదికలు రాసే మాలాంటి వాళ్లు కూడా గోడకి అంటించుకోవాల్సిన మాట.

4148కి ఇంత పేరెందుకు వచ్చిందో కూడా ఈ వరసలోనే అర్థమవుతుంది. 1960లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు 1ఎన్914 తెచ్చారు. దాని తర్వాతి తరంగా 1968లో ఈ నంబరు నమోదైంది. అప్పటినుంచి ఎన్నో కంపెనీలు అదే నంబరుతో తయారు చేస్తున్నాయి. ముందున్న ‘1ఎన్’ అంటే ఒకే జంక్షన్ ఉన్నది, డయోడ్ అని. నంబరు ఏ ఒక్కరి సొత్తూ కాదు. యాభై ఏళ్ల కిందటి సర్క్యూట్ బొమ్మ పట్టుకుని గుజరాతీ గల్లీకి వెళ్తే, ఈ ఒక్క వస్తువు మాత్రం ఇవాళ్టికీ అడిగిన పేరుతో దొరుకుతుంది.

కానీ నిజాయితీగా చెప్పుకోవాలంటే, నా పిలుపు గంటకి ఈ వేగంతో పనే లేదు. మనిషి వేలు బటన్ మీద ఉండేది సెకనులో కనీసం పదో వంతు. నాలుగు నానోసెకన్లయినా నాలుగు మైక్రోసెకన్లయినా వేలికి ఒకటే. వేగం చూసి ఎంచుకుంటే కొట్టువాడిచ్చిన 4007 కూడా పనిచేస్తుంది. నా సర్క్యూట్‌ని తేల్చింది మూడో లెక్క.

*

మూడోది, ఎప్పుడూ కొంచెం కొంచెంగా వెనక్కి కారడం. ఆపుతున్నప్పుడు కూడా ప్రతి డయోడ్ ఎంతో కొంత కారుతుంది. 4148 ఇరవై వోల్టుల దగ్గర కారేది ఎక్కువలో ఎక్కువ 25 నానో ఆంపియర్లు. బీఏటీ85 పాతిక వోల్టుల దగ్గర రెండు మైక్రో ఆంపియర్ల దాకా కారొచ్చు, అంటే ఎనభై రెట్లు. 1ఎన్5819 అయితే పూర్తి వోల్టేజీ దగ్గర ఒక మిల్లీ ఆంపియర్ దాకా. షాట్కీలు సుంకం తక్కువ తీసుకుంటాయి, తలుపు మాత్రం గట్టిగా మూయవు.

ఇది ఎక్కడ దెబ్బ కొడుతుందో చూడండి. నొక్కనప్పుడు బటన్ తీగ గాల్లో తేలకుండా, దాన్ని సున్నాకి లాగి పట్టుకోవడానికి ఒక రెసిస్టర్ ఉంటుంది. నేను గీసిన బొమ్మలో దాని విలువ ఒక మెగా ఓమ్, కరెంటు ఆదా కోసం అందరూ పెట్టేదే. ఇప్పుడు నాన్న మంచం దగ్గర బటన్ నొక్కారనుకోండి. బాత్రూమ్ తీగ మీదున్న డయోడ్ ఆపుతూ ఉంటుంది గానీ రెండు మైక్రో ఆంపియర్లు కారుతుంది. అది మెగా ఓమ్ గుండా నేలకి దిగాలంటే ఆ తీగ మీద రెండు వోల్టులు లేస్తాయి. 1.5 దాటింది కాబట్టి అది ‘కాదు’ అన్న హామీ పోయింది. బాత్రూమ్ గొళ్లెం పడొచ్చు, పడకపోవచ్చు. పడితే రెండు లైట్లు వెలుగుతాయి. మేము బాత్రూమ్ తలుపు కొడుతూ ఉంటాం, ఆయన మంచం అంచున కూర్చుని ఉంటారు.

పైగా ఈ కారుడు వేడితో పెరుగుతుంది. సుమారుగా ప్రతి పది డిగ్రీలకీ రెట్టింపు. డేటాషీట్ అంకెలు పాతిక డిగ్రీలవి. మా పై గది స్లాబు కింద మే నెలలో పాతిక ఎక్కడిది? నలభై అయిదు అనుకుంటే నాలుగు రెట్లు. శీతాకాలంలో కట్టి, పరీక్షించి, భేషుగ్గా ఉందనుకున్న గంట ఎండాకాలంలో అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. అదే 4148 పెడితే మెగా ఓమ్ మీద లేచేది 0.025 వోల్టులు. ఎండాకాలంలో నాలుగు రెట్లయినా 0.1. లెక్కలోకి రాదు.

“రెసిస్టర్ కూడా పది కిలో ఓమ్‌లకి దించు,” అన్నారు నాన్న. “అంత పొడవు వైరు లాగుతున్నావు. గాల్లో ఉన్న చెత్తంతా పట్టుకుంటుంది.” అది దించితే షాట్కీ బీఏటీ85 కూడా పాస్ అవుతుంది కదా, ఇంక డయోడ్ దగ్గర ఇంత పట్టింపు ఎందుకని అడిగాను. “ఒక్క కారణం మీద నిలబడ్డది ఒక్క కారణంతో పడిపోతుంది. రెండూ చెయ్యి.” ఆ మాట రెండోసారి చెప్పించుకోవాల్సి వచ్చింది, మొదటిసారి ఫ్యాను చప్పుడులో వినపడలేదు.

మిగిలిన డయోడ్లు వృథా పోలేదు. కరెంటు పోతే నడవాలని బ్యాటరీ పెట్టాం. అడాప్టర్, బ్యాటరీ కలిసే చోట ఎవరి వోల్టేజీ ఎక్కువైతే వాళ్లు నడపాలి, అదీ ఒక ఆర్ గేటే. అక్కడ బజర్ కరెంటంతా మొయ్యాలి, బ్యాటరీలో ప్రతి పాయింటూ మిగుల్చుకోవాలి. లావుపాటి షాట్కీ 5819 అక్కడికి పనికొచ్చింది. బజర్ సన్నగా ఉందని, దానికి తోడు పాత కాలింగ్ బెల్‌ని రిలేతో కలిపాం. రిలే ఆగేటప్పుడు దాని చుట్ట ఎదురు తన్నే వోల్టేజీని మింగడానికి 4007 పెట్టాం. కొట్టాయన సలహాకి చోటు దొరికింది. ఒకే బోర్డు మీద మూడు రకాల డయోడ్లు. ఒకదాని స్థానంలో ఇంకోటి పెడితే మూడూ తప్పే.

*

అంతా అయ్యాక నాన్న అడిగిన ప్రశ్న నేను చూసిన ఏ డేటాషీట్‌లోనూ లేదు. “ఇది పాడైతే ఎలా పాడవుతుంది?”

డయోడ్ రెండు రకాలుగా చస్తుంది. లోపల అతుక్కుపోయి రెండు వైపులా దారి ఇవ్వడం ఒకటి, తెగిపోయి ఎటూ ఇవ్వకపోవడం రెండు. అతుక్కుపోతే అనవసరమైన లైటు వెలుగుతుంది. చికాకే గానీ మనకి తెలుస్తుంది. తెగిపోతే? బాత్రూమ్ లైటు వెలుగుతుంది గానీ మోగదు. నిద్రపోతున్న గదిలో ఒక ఎర్ర చుక్క తెల్లారేదాకా వెలుగుతూనే ఉంటుంది. మిగతా రెండు బటన్లూ చక్కగా మోగుతుంటాయి కాబట్టి అనుమానం కూడా రాదు. కొట్టాయన హెచ్చరించిన ఆ పగిలిన గాజు చేసే పని సరిగ్గా ఇదే.

రైల్వే సిగ్నల్ వాళ్లకి ఇది పాత సూత్రం: పాడైతే ఎరుపు వైపే పాడవ్వాలి. సికింద్రాబాద్‌లో 1957 నుంచీ ఇరిసెట్ ఉంది, రైల్వే సిగ్నలింగ్ నేర్పే సంస్థ. అక్కడ చదివిన స్నేహితులు ఉండబట్టో ఏమో, నాన్న ఆలోచన ఎప్పుడూ అటు నుంచే మొదలవుతుంది. పాడవకుండా ఆపలేం, ఏ వైపు పాడవ్వాలో మాత్రం ఎంచుకోవచ్చు. అందుకని ఒక్కో బటన్‌కి ఒక డయోడ్ బదులు రెండు పక్కపక్కన పెట్టాం. ఒకటి తెగినా రెండోది మోత మోగిస్తుంది. రెండు పెట్టడం వల్ల ఏదో ఒకటి అతుక్కుపోయే అవకాశం కూడా రెట్టింపవుతుంది, అయినా అది తెలిసే చావు. మొత్తం ఆరు గాజు గింజలు. ఆరింటి కాళ్లూ ముక్కు శ్రావణంతో పట్టుకుని, గాజుకి దూరంగా వంచాను.

అయినా నమ్మకం బోర్డు మీద వదిలెయ్యలేదు. రోజూ రాత్రి తొమ్మిదింటికి నాన్న మూడు బటన్లూ వరసగా నొక్కుతారు. పైన మా అబ్బాయి లైట్లు చూసి, “మంచం! బాత్రూమ్! వరండా!” అని మెట్ల మీంచి అరుస్తాడు. ఏ మోత అయినా రాకపోతే ఆ రాత్రి నేను కింద పడుకోవాలని ఒప్పందం. ఇప్పటిదాకా ఆ అవసరం రాలేదు.

మే నెలలో ఒక రాత్రి మూడుంబావుకి గంట మోగింది. ఉక్కపోత, స్లాబు ఇంకా వేడిగానే ఉంది. కళ్లు తెరిచేసరికి ఒక్క లైటే వెలుగుతోంది, మధ్యది. నేరుగా బాత్రూమ్‌కే వెళ్లాను. ఆయన గోడకున్న రాడ్ పట్టుకుని నిలబడి ఉన్నారు, ఒక కాలు కదలనని మొరాయించింది. పట్టుకుని మెల్లగా మంచం దాకా తీసుకొచ్చాను. పడుకోబెట్టాక ఏదో అన్నారు. వంగి చెవి దగ్గర పెట్టాను.

“ఎన్ని లైట్లు వెలిగాయి?”

“ఒక్కటే నాన్నా.”

సరేనన్నట్టు కళ్లు మూసుకున్నారు. నేను పైకెళ్లి రద్దు బటన్ నొక్కాను.